కిన్నెరకు కల్లంకాడ వాటా

(బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

సావనీరుకు ఏదైనా వ్యాసం రాయమని సంపాదకవర్గంలోని మిత్రుడు అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని గనుక ఏ సౌరశక్తి మీదనో, ఏ కృష్ణబిలాల మీదనో రాస్తాననే ఆయన అనుకొని ఉంటాడు. నేనూ అట్లనే అనుకున్నాను. రెండు పేజీలు రాసి చింపివేశాను కూడా. కారణం, పోయిన వార్షికోత్సవం నాడు గేటు దగ్గర జరిగిన ఒక చిన్న సంగతి. అది చెప్పకుండా సౌరశక్తి గురించి ఎంత రాసినా నా మనసుకు పట్టదు.

ఆ సాయంత్రం మన వేదిక మీద ఆర్కెస్ట్రావాళ్ళు వచ్చారు, డీజే వచ్చింది. వాళ్ళకు వారం ముందే అడ్వాన్సు ముట్టింది. మధ్యలో ఒక పెద్దాయన పావుగంట జానపదాలు పాడాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. చప్పట్లు బాగానే మోగాయి. శాలువా కప్పాము, మెమెంటో ఇచ్చాము, ఫోటో దిగాము. వలంటీరుగా ఆయనను బస్సు ఎక్కించే పని నాది. గేటు దాటినాక ఆయన మెల్లగా, "బిడ్డా, గీ శాలువాలు ఇంట్ల పెట్టె నిండ ఉన్నయ్. ఇంకేమన్న ఇస్తరా, గింతేనా?" అన్నాడు. నేను లోపలికి పోయి అడిగాను. బస్సు చార్జీలు తప్ప పద్దులో ఏమీ రాయలేదన్నారు. నా జేబులో నూట యాభై రూపాయలున్నయి. అవి తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన తీసుకున్నాడు, దండం పెట్టాడు. ఆ దండమే నాకు నచ్చలేదు. ఆయన పాడిండు, మనం విన్నం. దానికి దండం పెట్టవలసింది ఎవరు?

ఆ రాత్రి హాస్టల్లో నాకు దర్శనం మొగులయ్య గుర్తుకు వచ్చాడు.

మొగులయ్యను ఈ పత్రిక చదివేవారికి పరిచయం చేయనక్కరలేదు. అయినా ఒక మాట. మా తరగతిలోనే ఇద్దరు ముగ్గురు ఆయనను 'బలగం' సినిమాలో పాడిన మొగిలయ్య అనుకుంటున్నారు. ఆ మొగిలయ్య వరంగల్లు జిల్లా దుగ్గొండి దిక్కు బుర్రకథ కళాకారుడు, 2024 డిసెంబరులో చనిపోయాడు. నేను చెప్పేది పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గురించి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలంలో, నల్లమల అంచున అవుసలికుంట ఆయన ఊరు. డక్కలి కులస్తుడు. కిన్నెర ఆయనకు తండ్రి తాతల నుంచి వచ్చింది. ఊరూరు తిరిగి పండుగ సాయన్న కథ, మియాసాబు కథ చెప్పినవాడు. పండుగ సాయన్న అంటే మన పాలమూరు గడ్డ మీద ఉన్నోళ్ళను కొట్టి లేనోళ్ళకు పంచినవాడని పేరు. మా ఊర్లల్ల ఇప్పటికీ మొండిగా ఎదురు తిరిగిన పోరగాణ్ణి 'సాయన్నయిండు' అంటారు.

2015లో తెలంగాణ ప్రభుత్వం ఆయనకు ఉగాది పురస్కారం ఇచ్చింది. ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకంలో ఆయన కళ గురించి పాఠం పెట్టారు. అదే పుస్తకం నేనూ చదివాను, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా రాస్తే రెండు మార్కులూ వచ్చాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారివంటి పరిశోధకులు అంతకు ముందే ఇటువంటి వాద్యాలను వెతికి పట్టి, లోకానికి చూపించే పని చేస్తూ వచ్చారు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా టైటిల్ పాట మొదట్లో మొగులయ్య గొంతు, కిన్నెర వినిపించాయి. ఒక్క రాత్రిలో రాష్ట్రమంతా ఆయన పేరు తెలిసింది. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. ఆ వెంటనే అప్పటి ముఖ్యమంత్రి కోటి రూపాయలు, హైదరాబాదులో ఇంటి స్థలం ప్రకటించారు.

ఇక 2024 మే నెలలో పేపర్లలో వచ్చిన ఫోటో మీకందరికీ గుర్తుండే ఉంటుంది. తుర్కయాంజాల్ దగ్గర కడుతున్న ఒక ఇంటికాడ పద్మశ్రీ మొగులయ్య కూలి పని చేస్తున్నాడు. నెలనెలా వచ్చే పదివేలు ఆగిపోయాయనీ, వచ్చిన డబ్బు పిల్లల పెళ్ళిళ్ళకూ ఇంటి అవసరాలకూ అయిపోయిందనీ ఆయన విలేకరులతో చెప్పినట్లు రాశారు. దాని తరువాత మళ్ళీ కొందరు కదిలారు, అదే ఏడాది హయత్‌నగర్ దగ్గర ఆరు వందల గజాల స్థలం పత్రాలు ఇప్పటి ముఖ్యమంత్రి చేతుల మీదుగా అందాయి.

ఆ ఫోటో వచ్చిననాడు మా మెస్సులో పెద్ద వాదమే జరిగింది. "కోటి ఇస్తే ఖర్చు పెట్టుకున్నడు, ఎవలేం జేస్తరు?" అన్నవాళ్ళే ఎక్కువ. నేను అప్పుడు నోరు తెరవలేదు. ఇప్పుడు తెరుస్తున్నాను. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవానికి ఈ లెక్క తెలియాలె. మా దిక్కు ఏడాదికి పడవలసిన వాన అంతా ఒక్క దినమే పడ్డదనుకోండి. చెరువు కట్ట తెగుతది, చెల్క కోసుకపోతది, పంట మాత్రం పండదు. పండాలంటే కార్తె కార్తెకు కొంచెం కొంచెం పడాలె. జన్మంతా చేతికి పైస రానివాడి ఇంటికి ఒక్కసారే కోటి వస్తే, అప్పటిదాక ఆగిన పెళ్ళిళ్ళు, ఆగిన రోగాలు, ఆగిన అప్పులు అన్నీ ఒక్కసారే వాకిట్లకు వస్తయి. ఇక పద్మశ్రీ సంగతి చాలామందికి తెలియదు, దానితో నగదు ఏమీ రాదు. పతకం, సన్నదు. అంతే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కిన్నెరకు మనం బహుమానాలు ఇచ్చాం గాని వాటా ఇవ్వలేదు. వాటా అనే మాట నాది కాదు, మా తాతది. దాని వెనుక మా ఇంటి కథ ఉన్నది. అంత గొప్ప కథ కాదు గాని చెప్పక తప్పదు.

మాది దేవరకొండ దిక్కు. మాదిగవాడ. మూడెకరాల చెల్క, ఒక బోరు, అది కూడ ఎండకాలం నీళ్ళు పోయదు. డక్కలివాళ్ళు మా కులాన్ని ఆశ్రయించుకొని బతికినవాళ్ళు. జాంబపురాణం చెప్పి, మా పుట్టుక ఏమిటో మాకు వినిపించేవాళ్ళు. మా తాత చిన్నప్పుడు జొన్నలు కోసి కల్లం చేసే రోజులకు వాళ్ళు వచ్చి ఊరి బయట దిగేవారట. కల్లంకాడ రాశి కొలిచేటప్పుడు వాళ్ళ చాటెడు వాళ్ళకు పోసినంకనే గింజలు ఇంటికి వచ్చేవట. "అది అడుక్కునుడు గాదు బిడ్డా, వాండ్ల వాటా. తక్కువ పోస్తే కొట్లాడుతుండిరి. కొట్లాడే హక్కుండె" అని మా తాత చెప్పేవాడు.

నాకు ఏడెనిమిదేండ్లు ఉన్నప్పుడు ఒక కుటుంబం వచ్చింది. ముసలాయన, ఆయన కోడలు, ఇద్దరు పిల్లలు. చింతచెట్టు కింద గుడారం వేసుకున్నారు. ముసలాయన మా వాకిలి ముందర నిలబడి వాద్యం సవరించుకొంటుంటే మా చిన్నాయన బయటికి వచ్చి, "ఇంకేడి వాటా? మాకే దిక్కు లేదు, పోండ్రి" అన్నాడు. మా చిన్నాయన చెడ్డవాడు కాదు. ఆ ఏడు మేము పెట్టింది పత్తి. జొన్నలు మానేసి అప్పటికే చాలా ఏండ్లయింది. పత్తి చేన్లనుంచి బోరాలకెక్కి, బోరాలనుంచి జిన్నింగు మిల్లుకు పోతుంది. వచ్చిన పైకం విత్తనాల షావుకారికాడ ఆగుతుంది. మధ్యల కల్లం లేదు, రాశి లేదు, కొలిచే చాట లేదు. "పత్తిని చాటల పోసి ఎట్లిస్తమయ్యా!" అని మా తాత తలకాయ వంచుకొన్నాడు. ఇంట్ల ఉన్న రేషను బియ్యం రెండు సేర్లు తెచ్చి పోశాడు. ముసలాయన పోయించుకొని, ఏమీ వాయించకుండానే పోయాడు. వాళ్ళు మళ్ళీ మా వాడకు రాలేదు.

ఇంకో సంగతి దాచిపెడితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా ఇండ్లల్ల వాళ్ళను గడప దాటి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. నీళ్ళు పైనుంచి పోసేవాళ్ళు. ఊరు మమ్ముల దూరం పెట్టింది, మేము వాళ్ళను దూరం పెట్టినం. ఇవాళ మా వాడ పిల్లలందరి ఫోన్లల్ల మొగులయ్య పాట ఉన్నది. ఆయనకు పద్మశ్రీ వచ్చిననాడు అందరికన్నా ముందు స్టేటస్ పెట్టింది మా చిన్నాయన కొడుకే. నేనూ పెట్టాను. పెట్టినంక చింతచెట్టు కిందికెళ్ళి పోయిన ఆ ముసలాయన యాదికొచ్చి ఒక గంటకే తీసేసిన.

కనుక పాత కాలం మళ్ళీ రావాలని నేను అంటున్నానని ఎవరూ పొరబడవద్దు. ఆ కాలంలో హక్కూ ఉన్నది, అవమానమూ ఉన్నది, రెండూ ఒకే చాటలో పోసేవారు. కాలం మారి అవమానం కొంత తగ్గింది, కొంతే. హక్కు మాత్రం పూర్తిగా పోయింది. దాని స్థానంలో శాలువా వచ్చింది.

కిన్నెర గురించి నాలుగు మాటలు చెప్పకుండా వదిలితే భౌతికశాస్త్రం మేష్టారు నన్ను క్షమించరు. వెదురు బొంగు దాని దండి. దాని కింద ఎండి గుల్ల అయిన సొరకాయ బుర్రలు కడతారు. సొరకాయను మా దిక్కు ఆనిగెపుకాయ అంటరు. దండి మీద మెట్లు, మెట్ల మీదుగా తీగె. వెనుక కాలంలో తీగెకు బదులు వెంట్రుకలు, జంతువుల నరాలు వాడేవారట. మెట్లకు అలుగు పొలుసులు వాడి, తేనెమైనంతో అంటించేవారట. ఇప్పుడు అలుగు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది, పొలుసు ముట్టుకుంటే కేసే. తీగె పొడవు తగ్గితే స్వరం హెచ్చుతుందని మనం సోనోమీటరు మీద రెండు గంటలు ప్రయోగం చేసి రికార్డు రాసుకుంటాం. ఒట్టి తీగె గాలిని కదిలించేది ఎంతో స్వల్పం, ఆ కదలికను పెద్దది చేసేది బుర్రల్లోని గాలి. సోనోమీటరు కింద చెక్కపెట్టె చేసే పని కిన్నెరకు ఆనిగెపు బుర్ర చేస్తుంది. మైనంతో అంటించడంలో కూడ ఒక తెలివి ఉన్నదని నాకు తోస్తుంది. మేకు కొట్టిన మెట్టు కదలదు, మైనపు మెట్టును గొంతుకు తగ్గట్టు వెంట్రుకవాసి జరుపుకోవచ్చు. బడి ముఖం చూడనివాళ్ళు ఇది చేశారు. మనం మూడేండ్లు చదివి సోనోమీటరు బొమ్మ సరిగా వేయము. (ఇది నా రికార్డు దిద్దినవారి మాట, నాది కాదు.)

హాస్టల్లో నా గది మిత్రునికి మౌతార్గాన్ పిచ్చి. నాగర్‌కర్నూలు దిక్కువాడు, వాళ్ళది మిషను చర్చి, తాతనుంచి పాటలు వచ్చాయి. రాత్రి తొమ్మిదైతే చాలు ఏదో ఒక కీర్తన బాణీ ఊదుతాడు, వార్డెను వచ్చి కేకలేసేదాక ఆపడు. మొగులయ్య గురించి మేము మాట్లాడుకుంటుంటే ఒకరోజు వాడే ఫోన్‌లో ఒక అమెరికా కళాకారుని పాత రికార్డు వినిపించాడు. పేరు డిఫోర్డ్ బెయిలీ. టెనెస్సీలో 1899లో పుట్టిన నల్లజాతి మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి మంచం పట్టినప్పుడు మౌతార్గాన్ పట్టుకున్నాడట. రైలుబండి వస్తున్నట్టు, స్టేషను దాటిపోతున్నట్టు ఊదుతాడు. నేను కండ్లు మూసుకొని వింటే మా జడ్చర్ల గేటు దగ్గర గూడ్సు పోయినట్టే ఉన్నది.

నాష్‌విల్ రేడియోలో 'గ్రాండ్ ఓల్ ఓప్రి' అనే సంగీత కార్యక్రమానికి ఆ పేరు 1927లో పడ్డది. పేరు పడ్డ రాత్రి రైలు పాట వాయించినవాడు ఈయనే. ఆ తరువాత బ్లూగ్రాస్ అనే పల్లె సంగీతానికి ఆద్యుడని చెప్పే బిల్ మన్రోవంటి వారితో కలిసి ఊరూరు తిరిగాడు. వేదిక మీద చప్పట్లు, వేదిక దిగినంక మాత్రం వాళ్ళు దిగిన హోటల్లో ఈయనకు గది ఇచ్చేవారు కాదు. చివరకు రాయల్టీ సంస్థల తగాదాలో ఆయనకు పేరు తెచ్చిన బాణీలు రేడియోలో వాయించరాదని వచ్చింది. 1941లో ఆయనను తీసివేశారు. తరువాత దశాబ్దాలపాటు అదే ఊర్లో బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకొని బతికాడు. 1982లో చనిపోయాడు. అమెరికా పల్లె సంగీతపు గౌరవ మందిరంలో ఆయన పేరు 2005లో చేర్చారు. లెక్క చూడండి, తీసివేసిన అరవై నాలుగేండ్లకు!

మా మిత్రుడు, "మనోళ్ళు నయంరా, బతికున్నప్పుడే ఇచ్చిండ్రు" అన్నాడు. అది నిజమే. కాని తుర్కయాంజాల్ ఫోటోకూ ఆ బూటుపాలిష్ దుకాణానికీ మధ్య నాకు పెద్ద దూరం కనిపించలేదు. రెండు చోట్లా పాట కావలసివచ్చింది, పాడేవాడి నెల గడవడం ఎవరి పద్దులోనూ లేదు.

అన్నట్టు మన గడ్డ మీద పాట కట్టి పేరు పొందినవాళ్ళు లేకపోలేదు. మన నల్లగొండ సుద్దాల హనుమంతు పాటలు పోరాట కాలంలో ఊర్లను కదిలించాయి. తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్నకు 'వల్లంకి తాళం'కు 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, అంతకు ముందే శాసనమండలిలో కూర్చున్నారు. అది మనందరికీ గర్వం. కాని వెంకన్నగారికి చదువు ఉన్నది, ప్రభుత్వోద్యోగం ఉండినది, పాట మీద రాసినవాడిగా ఆయన పేరు ఉన్నది. డక్కలివాళ్ళ కథలు ఎవరు కట్టారో పేరు లేదు. 2012లో సవరించిన కాపీరైటు చట్టం సినిమా పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా ఇచ్చింది. వంద ఇండ్లు తిరిగిన కథకు కర్త ఎవరని ఆ చట్టం రాసుకొంటుంది? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. లా చదివే మిత్రులు ఎవరైనా వచ్చే సంచికలో రాస్తే బాగుంటుంది.

మరొక అలవాటు మనకున్నది. 'చిట్టచివరి కిన్నెర కళాకారుడు' అని రాస్తాం. అట్లా రాస్తే వార్తకు విలువ పెరుగుతుందేమో. మొగులయ్యకు పేరు వచ్చినంక నారాయణపేట దిక్కు డక్కలి పోచప్ప కూడ కిన్నెర వాయిస్తాడని పేపర్లలో వచ్చింది. అంటే చివరివాడని మనం రాసేటప్పుడు రెండోవాడు పక్క జిల్లాలోనే ఉన్నాడు, మనం పోయి చూడలేదు. చివరివాడు అంటే మనకు ఒక సౌకర్యం, ఇక ఎవరికీ నేర్పించనక్కర లేదు. ఒక సన్మానం చేసి, కన్నీళ్ళు తుడుచుకొని, ఇంటికి పోవచ్చు.

నా అభిప్రాయంలో కిన్నెరకు ఇప్పుడు కావలసింది నెల జీతం, దానితోపాటు నేర్చుకొనే నలుగురు పిల్లలు. మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి పేరు ఇప్పుడు తెలుగు విశ్వవిద్యాలయానికి పెట్టారు. ఆ పేరు మీద కిన్నెర నేర్పే ఒక కొలువు ఎందుకు ఉండరాదు? డిగ్రీ లేదంటారు. తీగె మీద స్వరం ఎక్కడ పలుకుతుందో చెవితో చెప్పగలవాడికి డిగ్రీ అడిగే అధికారం మనకు ఎక్కడిది? అంత దూరం మన చేయి అందదంటే సరే, మన కాలేజీదాకా వద్దాం. ఆర్కెస్ట్రాకు పద్దులో ఎంత రాస్తామో, పాడే పెద్దమనిషికీ అంతే రాయాలె. కనీసం సగమైనా. ముందే ఎంతో అడగాలె, ఒప్పుకున్నది చేతిలో పెట్టాలె, తక్కువైతే ఆయన మనతో కొట్లాడగలగాలె. శాలువా ఇష్టమైతే కప్పండి, వద్దన్నానని కాదు. ఈ మాటలు సంఘంలోని మిత్రులకు కోపం తెప్పించవచ్చు. పద్దు రాసినవాళ్ళలో నేనూ వలంటీరునే గనుక ఆ కోపంలో నా వాటా నేను తీసుకొంటాను.

పోయిన వానకాలం మా అమ్మ దడి మీద ఆనిగెపు తీగె పెట్టింది. మూడు కాయలు కోయకుండ ఎండబెట్టమని బతిమిలాడిన. "కూరకు పనికొచ్చే కాయను ఎండబెడతర్రా, చదువుకున్న పోరడు గిట్లైండేంది?" అని తిట్టింది, కాని ఉంచింది. ఒకటి కోతి తెంపుకపోయింది. రెండు ఎండినయి, ఊపితే లోపల గింజలు గలగలమంటున్నయి. సోనోమీటరు తీగె ఒకటి పాతది ఇస్తానని ల్యాబు అసిస్టెంటుగారు మాట ఇచ్చారు. వెదురు మా మిత్రుడు నల్లమల అంచుకెళ్ళి తెస్తానన్నాడు. మేము కట్టింది పలుకుతుందో లేదో నాకు నమ్మకం లేదు. పలకకపోతే ఎక్కడ తప్పిందో చెప్పడానికి తెలిసినవారిని పిలవాలె. పిలిచేముందు ఆయన ఫీజు ఎంతో కనుక్కొని చెప్పమని ఇప్పటికే ఒక మిత్రుణ్ణి పంపించాం.